చనువిస్తే నెత్తికెక్కే గుర్రం

(ఆదివారం ఉదయం తెలుగు కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు దగ్గరకొస్తున్నాయి. పిల్లలకి ఈత, టెన్నిస్, సంగీతం, కూచిపూడి అంటే మనకి బెంగ లేదు. గుర్రపు స్వారీ అనేసరికి మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళ మొహాలు మారిపోతాయి. "అంత పెద్ద జంతువు, చిన్నపిల్ల, ఏమైనా అయితే?" అంటారు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. అందుకే ఇవాళ స్వారీ గురించి కాకుండా, స్వారీకి ముందు జరగాల్సిన పని గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. గుర్రం ఎక్కకుండా, నేల మీద నిలబడి, దానికి మంచీ మర్యాదా నేర్పే పని. ఇక్కడివాళ్ళు గ్రౌండ్‌వర్క్ అంటారు. మనం 'నేల మీది పాఠాలు' అనుకుందాం.

ముందే ఒక మాట. నేను గుర్రాల డాక్టర్ని కాదు, ట్రైనర్నీ కాదు. డాలస్ ఊరి బయట ఉంటూ వారానికి ఐదు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి. మాది తెనాలి. చిన్నప్పుడు నాకు తెలిసిన గుర్రాలు రైల్వే స్టేషన్ ముందు జట్కాలకి కట్టినవే. కళ్ళకి రెండు పక్కలా తోలు రేకులు, మెడకి దాణా సంచి, పక్కనే చెర్నాకోల పట్టుకుని బీడీ కాలుస్తూ బండివాడు. ఆ గుర్రాల దగ్గరికి వెళ్ళడానికి కూడా మాకు ధైర్యం ఉండేది కాదు. అలాంటివాడిని ఇవాళ గుర్రాల గురించి మైకు ముందు కూర్చున్నానంటే దానికి కారణం మా అమ్మాయి.

తొమ్మిదో ఏట స్వారీ పాఠాలు మొదలుపెట్టింది. పదమూడో ఏట, నాలుగేళ్ళు మా ఇద్దరి ప్రాణం తీసి, సొంత గుర్రం కొనిపించింది. క్వార్టర్ హార్స్ జాతి, రాగి రంగు, పదకొండేళ్ళ వయసు, విత్తులు తీసేసిన మగది. పేరు బిస్కెట్. ఎక్కితే బంగారం లాంటి గుర్రం. నేల మీదే దాని వేషాలన్నీ. నడిపించుకెళ్తుంటే మనిషిని దాటి ముందుకి లాక్కుపోవడం, పచ్చగడ్డి కనిపిస్తే తల దించేసి ఇక కదలకపోవడం, జేబులు వెతకడం, వెతికి ఏమీ దొరక్కపోతే చొక్కా పట్టి పళ్ళతో లాగడం, దురద పుడితే మా అమ్మాయి వీపుకేసి తల రుద్దుకోవడం. చూసేవాళ్ళకి ముద్దుగా ఉండేది. ఫొటోలు కూడా తీశారు.

మూడో నెలలో ఒకరోజు సాయంత్రం దాణా వేళకి మా అమ్మాయి బకెట్ పట్టుకుని లాయంలోకి వెళ్ళింది. బిస్కెట్ ఆగలేదు. భుజంతో ఒక్క తోపు తోసి దాణా మీద పడింది. అమ్మాయి వెళ్ళి తలుపు చట్రానికి కొట్టుకుంది. ఎముకలు విరగలేదు, అదృష్టం. భుజం నుంచి మోచేతి దాకా నల్లగా కమిలిపోయింది. వెయ్యి పౌండ్లు దాటిన జంతువు, అంటే మన లెక్కలో దాదాపు ఐదు క్వింటాళ్ళు. దానికి కోపం కూడా రాలేదు. కోపం రాకుండానే అంత పని చేసింది.

మా ఆవిడ ఆ రాత్రే చెప్పేసింది, అమ్మేద్దామని. నేనూ అదే అనుకున్నాను. కానీ ఎవరికి అమ్ముతాం? మనుషుల్ని తోస్తుందని చెప్పి అమ్మాలి, చెప్పకపోతే ఇంకొకరి పిల్లకి ఇదే గతి. చెబితే కొనేవాళ్ళు తక్కువ. అలాంటి గుర్రాలు చేతులు మారి మారి చివరికి వేలంపాటకి చేరతాయి. అమెరికాలో చివరి గుర్రాల కబేళాలు 2007లో మూతపడ్డాయి, అందులో రెండు మా టెక్సస్‌లోనివే. కానీ వేలంలో చవగ్గా కొని, సరిహద్దు దాటించి, మెక్సికోకో కెనడాకో తోలడం మాత్రం ఆగలేదు. ఒంట్లో జబ్బు లేకపోయినా, ఇంకో పదిహేనేళ్ళు బతికే గుర్రమైనా, మర్యాద తెలియకపోతే దాని దారి అటే పోవచ్చు. గుర్రానికి మర్యాద నేర్పడం మన సుఖం కోసమే కాదు, దాని ప్రాణం కోసం కూడా. ఈ సంగతి మాకు చెప్పింది ఆ చుట్టుపక్కల గుర్రాలకి పాఠాలు చెప్పే ఒక పెద్దావిడ. డెబ్భై దాటిన మనిషి. "రెండు నెలలు నాకివ్వండి, తర్వాత మీ ఇష్టం" అంది. ఆ రెండు నెలల్లో విన్నదీ, చూసిందీ, ఆ తర్వాత నేను చదువుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

ఆవిడ మొదట చేయించిన పని పాఠం కాదు, వైద్యం. నొప్పితో ఉన్న గుర్రం మర్యాద లేని గుర్రంలాగే కనిపిస్తుంది. పళ్ళు చూపించాలి. గుర్రం పళ్ళు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయి, గడ్డి నమిలి నమిలి అరుగుతూ ఉంటాయి. సమంగా అరక్కపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గల్ని కోస్తాయి. అందుకని ఏడాదికోసారైనా వెటర్నరీ డాక్టరు చూసి ఆకురాయితో అరగదీస్తారు. వీపు చూడాలి, జీను సరిగ్గా అమరకపోతే అక్కడ పుండులాంటి నొప్పి ఉంటుంది. డెక్కలు చూడాలి. కడుపులో అల్సర్లు గుర్రాలకి చాలా మామూలు. బిస్కెట్‌కి పళ్ళ అంచులు నిజంగానే కోసుకుపోతున్నాయి. అవి సరిచేయించాక తల విదిలించడం తగ్గింది. తోయడం తగ్గలేదు. అప్పుడు కానీ పాఠాలు మొదలుపెట్టలేదు.

తిండి కూడా చూడాలి. గుర్రం రోజులో ఎక్కువ భాగం మేస్తూ, నడుస్తూ బతకడానికి పుట్టిన జంతువు. దాన్ని నాలుగు గోడల మధ్య కట్టేసి, బెల్లంపాకం కలిపిన ధాన్యం డబ్బాలకి డబ్బాలు పెడితే ఒంట్లో ఉన్న శక్తి ఎక్కడికి పోతుంది? మన ఉలవల్ని ఇంగ్లీషులో గుర్రాల పప్పు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారని మీకు తెలుసు. ఆ రోజుల్లో ఉలవలు తిన్న గుర్రం పగలంతా బండి లాగేది. మా బిస్కెట్ వారానికి మూడు గంటలు పనిచేసి, రోజూ అంత తినేది. ధాన్యం తగ్గించి, ఎండుగడ్డి పెంచి, పగలంతా మిగతా గుర్రాలతో బయట వదిలేశాం.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. అమర్యాద అంటే ఏమిటి?

మా అమ్మాయి మొదటిరోజే అడిగింది, "నాన్నా, దానికి నేనంటే లెక్కలేదా?" అని. పెద్దావిడ సమాధానం ఇది: "నిన్ను అవమానించాలని దానికి లేదమ్మా. నిన్నటిదాకా ఏది పనిచేసిందో ఇవాళా అదే చేస్తోంది." తోస్తే మనిషి పక్కకి తప్పుకుంటాడు, దాణా దొరుకుతుంది. జేబు లాగితే క్యారట్ వస్తుంది. తల దించితే గడ్డి వస్తుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది చేతులు మారిందో, ఎంతమంది తెలియకుండా ఈ పాఠాలు చెప్పారో. చనువిస్తే చంకెక్కడం అని మనం పిల్లల గురించి అంటాం. గుర్రం విషయంలో అది పొగరు కాదు, బాగా వచ్చిన పాఠం. గౌరవం, అగౌరవం అన్నవి మన మాటలు. జంతువుల నడవడిని శాస్త్రీయంగా చూసేవాళ్ళు కూడా ఇప్పుడు ఇదే అంటున్నారు. మందకి నాయకుడెవరు, పెత్తనం ఎవరిది అనే పట్టింపు కంటే, ఏ పనికి దానికి ఏ ఫలితం దొరికింది అన్నదే ముఖ్యం అని.

గుర్రం గురించి రెండు మూడు సంగతులు తెలిస్తే మిగతా పాఠమంతా సులువుగా అర్థమవుతుంది. ఒకటి, అది వేటాడే జంతువు కాదు, వేటకి గురయ్యే జంతువు. అనుమానం వస్తే ముందు పరిగెత్తుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. రెండు, దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు: నుదుటికి ఎదురుగా బాగా దగ్గర్లో, తోకకి సరిగ్గా వెనక. అందుకే ఎదురుగా వెళ్ళి మొహం మీద చెయ్యి వెయ్యకూడదు, చడీచప్పుడూ లేకుండా వెనక నుంచి రాకూడదు. మాట్లాడుతూ, భుజం వైపు నుంచి, కాస్త ఏటవాలుగా వెళ్ళాలి. మూడు, దాని చర్మం మీద ఈగ వాలితే అక్కడి చర్మం మాత్రమే వణికించి ఈగని లేపుతుంది. ఈగ బరువు తెలిసే జంతువుకి మన గుద్దులెందుకు?

మనిషి ఒంటి కదలికలు చదవడంలో గుర్రానికి సాటి లేదు. జర్మనీలో వందేళ్ళ కిందట హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలూ తీసివేతలూ అడిగితే సరిగ్గా అన్నిసార్లు డెక్కతో నేల తట్టేది. బెర్లిన్ అంతా తిరణాల చూసినట్టు చూశారు. ఫంగ్స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి 1907లో ప్రచురించిందేమిటంటే, దానికి లెక్కలు రావు. సరైన సంఖ్య దగ్గరికి రాగానే అడిగినవాడి తలా, ఒళ్ళూ తెలియకుండానే కాస్త కదిలేవి. అడిగినవాడికే తెలియని ఆ కదలిక చూసి గుర్రం ఆగిపోయేది. చాలామంది ఈ కథని గుర్రానికి లెక్కలు రావని చెప్పడానికి వాడతారు. నాకు మాత్రం హాన్స్ లెక్కల మాస్టారి కంటే తెలివైందనిపిస్తుంది. మన భయం, విసుగు, తొందర, అన్నీ గుర్రానికి ముందే తెలిసిపోతాయి.

ఇక పాఠాలు. కావలసిన సామాను చాలా తక్కువ. నోట్లో ఇనప కళ్ళెం అక్కర్లేదు. మొహానికి వేసే ముడుల తాడు, దాన్ని రోప్ హాల్టర్ అంటారు. దానికి పన్నెండు అడుగుల తాడు. మనకి చేతి తొడుగులు, గట్టి బూట్లు, తలకి హెల్మెట్. నేల మీద పనికి హెల్మెట్ ఎందుకని పిల్లలు అడుగుతారు. పెట్టుకోమనండి. ఒక్క విషయం మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది: తాడుని చేతికి చుట్టుకోకూడదు. గుర్రం బెదిరి లాగితే ఆ చుట్టు బిగిసి వేళ్ళు పోతాయి, మనిషిని ఈడ్చుకుపోతుంది. తాడుని మడతలు మడతలుగా పెట్టి, ఆ మడతల్ని పిడికిట్లో పట్టుకోవాలి. రోప్ హాల్టర్ తెగదు కాబట్టి దాన్ని వేసి గుర్రాన్ని ఒంటరిగా వదిలెయ్యకూడదు కూడా.

అన్ని పాఠాలకీ సూత్రం ఒకటే. మెల్లగా అడగాలి. వినకపోతే కాస్త గట్టిగా అడగాలి. ఇంకా వినకపోతే ఇంకాస్త. విన్న మరుక్షణం అడగడం మానెయ్యాలి. ఈ చివరిదే అసలు పాఠం. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఒత్తిడి ఎప్పుడు ఆగిందో దాని వల్ల. ఒక్క అడుగు వెనక్కి వేసిన క్షణంలో మీ చెయ్యి వదులైతే, వెనక్కి వెయ్యడమే సరైన సమాధానం అని దానికి తెలుస్తుంది. మూడు సెకన్లు ఆలస్యంగా వదిలితే, ఆ మూడో సెకనులో అది ఏం చేస్తోందో అదే నేర్చుకుంటుంది. తల ఎగరేస్తుంటే తల ఎగరెయ్యడం నేర్పినట్టే.

మొదటి పాఠం వెనక్కి జరగడం. గుర్రానికి ఎదురుగా, కాస్త పక్కగా, చెయ్యి చాపు దూరంలో నిలబడాలి. ముందు వేలు ఆడించాలి. కదలకపోతే మణికట్టుతో తాడు ఊపాలి. కదలకపోతే మోచేతి దాకా. కదలకపోతే చెయ్యంతా. ఒక్క అడుగు, ఆగు. మెడ నిమిరి, ఊరికే నిలబడు. మళ్ళీ. మొదటిరోజు బిస్కెట్ ఒక్క అడుగు వెయ్యడానికి మా అమ్మాయి చెయ్యి పీకిపోయింది. రెండు వారాలకి వేలెత్తితే నాలుగడుగులు వెనక్కి వెళ్ళేది.

ఇక్కడ పెద్దావిడ చెప్పిన లెక్క ఒకటుంది. ఎవరు ఎవరి కాళ్ళు కదిలించారు? గుర్రాల మందలో ఒక గుర్రం చెవులు వెనక్కి పెట్టి చూస్తే ఇంకో గుర్రం తప్పుకుంటుంది. అరుపులూ లేవు, కొట్లాటా లేదు. మా అమ్మాయి నెమ్మదస్తురాలు. ఎవరైనా ఎదురొస్తే తనే తప్పుకుంటుంది. మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి అలాగే అలవాటవుతుంది, పక్కకి జరుగు, చోటివ్వు, సర్దుకో అని. బిస్కెట్ మీదకొచ్చిన ప్రతిసారీ తను ఒక అడుగు వెనక్కి వేసేది. ఆ అడుగే గుర్రానికి జీతం. పెద్దావిడ నేల మీద సున్నంతో ఒక గుండ్రం గీసి, "ఇది నీ ఇల్లు, పిలవకుండా ఎవరూ లోపలికి రాకూడదు" అంది. గుర్రాన్ని కొట్టమనలేదు, అరవమనలేదు. గీత దాటి వస్తే తాడు ఊపి బయటికి పంపమంది, తన కాళ్ళు మాత్రం కదపొద్దంది. మొదటి రెండు రోజులు అమ్మాయి గొంతు వణికింది. మూడోరోజు వణకలేదు. ఆ వారంలో గుర్రం ఎంత నేర్చుకుందో చెప్పలేను కానీ, మా పిల్ల నిలబడే తీరు మారిపోయింది.

రెండో పాఠం నడక. మనం నడిస్తే నడవాలి, ఆగితే ఆగాలి. గుర్రం తల మన భుజం దాటి ముందుకి పోకూడదు. పోతే లాక్కుని వేలాడడం దండగ, ఆ బలం ముందు మన బలమెంత? ఆగి, వెనక్కి నాలుగడుగులు వేయించాలి. లేదా ఒక్కసారిగా దిక్కు మార్చెయ్యాలి. ముందుకి లాగిన ప్రతిసారీ వెనక్కి పోవాల్సి వస్తుంటే కొన్నాళ్ళకి దానికే అర్థమవుతుంది, లాగడం గిట్టుబాటు కాదని.

మూడో పాఠం వెనక భాగాన్ని పక్కకి జరపడం. భుజం దగ్గర నిలబడి, తుంటి వైపు చూస్తూ, తాడు కొసని లయగా ఆడిస్తూ అటు నడవాలి. గుర్రం మన వైపున్న వెనక కాలుని రెండో కాలుకి ముందు నుంచి దాటించి పక్కకి జరగాలి. అలా దాటించగానే ఆపెయ్యాలి. చూడ్డానికి ఇదేదో డాన్సు అడుగులా ఉంటుంది. కానీ గుర్రానికి ఇంజను వెనక ఉంటుంది. పరిగెత్తాలన్నా, ఎగరాలన్నా, మీద పడాలన్నా బలమంతా వెనక కాళ్ళదే. ఆ కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడి నడుస్తుంటే ఆ బలం చెదిరిపోతుంది. బెదిరిన గుర్రాన్ని నిలపడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు. ఆ తర్వాత ముందు భాగాన్ని జరపడం, తర్వాత తాడు పొడవునా మన చుట్టూ తిప్పడం. తిప్పడమంటే అలిసిపోయేదాకా పరిగెత్తించడం కాదు. దిక్కు మార్చడం, వేగం మార్చడం, ఆపడం. గుర్రం చెవి మన వైపు తిరిగి ఉందంటే పాఠం వింటోందన్నమాట.

నాలుగోది చాలా కష్టమైంది: ఊరికే నిలబడడం. తాడు వదులుగా ఉంచి, ఏమీ చెయ్యకుండా ఐదు నిమిషాలు. మనుషులకే చేతకాదు ఈ రోజుల్లో.

చివరిది దాణా వేళ. అసలు గొడవ మొదలైంది అక్కడే. బకెట్‌తో లాయం తలుపు బయట నిలబడాలి. గుర్రం రెండడుగులు వెనక్కి వెళ్ళి, చెవులు ముందుకి పెట్టి నిలబడేదాకా తలుపు తియ్యకూడదు. తలుపు తీశాక మీదకొస్తే మళ్ళీ వెయ్యాలి. మొదటి నాలుగు రోజులు మామూలు కంటే ఎక్కువ గోల చేసింది. తలుపు తన్నింది, సకిలించింది. "చూశారా, ఇంకా పాడైంది" అన్నాను నేను. పెద్దావిడ నవ్వి, "నాణెం వేసినా మెషీన్లోంచి కూల్‌డ్రింకు రాకపోతే మీరేం చేస్తారు? రెండు గుద్దులు గుద్దుతారు. అదీ అంతే. ఇప్పుడు కానీ తలుపు తీశారో, గుద్దితే వస్తుందని నేర్పినట్టు" అంది. ఐదోరోజు వెనక్కి వెళ్ళి నిలబడింది. ఒకరోజు ఊరుకుని ఒకరోజు కోప్పడడం అన్నిటికంటే చెడ్డది. ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందని తెలిస్తే ఆ అలవాటు ఎప్పటికీ పోదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి.

ఆ నెలలోనే మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. గుర్రాన్ని చూసి మురిసిపోయి, పర్సులోంచి బెల్లం ముక్క తీశారు. పాపం, ఊళ్ళో గుర్రానికి బెల్లం పెట్టడం ఆవిడకి తెలిసిన మర్యాద. పెద్దావిడ అడ్డం రాలేదు. చేత్తో పెట్టొద్దు, బకెట్లో వెయ్యమని సైగ చేసింది. ఈవిడకి తెలుగు తప్ప రాదు, ఆవిడకి ఇంగ్లీషు తప్ప రాదు. అయినా ఇద్దరికీ అర్థమైపోయింది. అత్తయ్యగారు బకెట్లో వేసి, "మా పెద్దాడికి కూడా చేతిలో పెడితే వేళ్ళు కొరికేవాడు" అన్నారు. చేతి నుంచి తినే ప్రతి గుర్రమూ కరుస్తుందని కాదు. కరిచే అలవాటున్న గుర్రానికి మాత్రం చెయ్యి అంటే తిండి అన్న లెక్క ముందు తెగాలి.

కొట్టడం గురించి చాలామంది అడుగుతారు. గుర్రం కరిచినప్పుడు మొహం మీద కొడితే ఏమవుతుంది? కరవడం మానదు, కరిచి తల వెనక్కి లాక్కోవడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత హాల్టర్ వెయ్యడానికి చెయ్యెత్తినా తల పైకి లేపేస్తుంది. బెదిరిన గుర్రం కూడా దూరంగా నిలబడుతుంది, మర్యాద తెలిసిన గుర్రం కూడా దూరంగా నిలబడుతుంది. చూసేవాళ్ళకి రెండూ ఒకటే. తేడా పిలిచినప్పుడు తెలుస్తుంది. ఒకటి దగ్గరికొస్తుంది, రెండోది రాదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు దేశపు జెనోఫన్ గుర్రాల మీద రాసిన గ్రంథంలో, కోపంలో ఉండగా గుర్రం జోలికి వెళ్ళొద్దని హెచ్చరించాడు. మన దేశంలో శాలిహోత్రుడి పేరు మీద అశ్వవైద్యం ఒక శాస్త్రంగా నిలిచింది. బ్రిటిష్ సైన్యంలో గుర్రాల వైద్యుణ్ణి సాలోత్రీ అని పిలిచేవారు, ఆ మాట ఆయన పేరులోంచి వచ్చిందే. అమెరికాలో ఒకప్పుడు కౌబాయ్‌లు గుర్రాన్ని లొంగదీయడమంటే లొంగేదాకా దాని మీద కూర్చోవడమే. ఆ పద్ధతికి ఎదురు నిలిచిన పేర్లలో టామ్ డోరన్స్ ముఖ్యుడు. 1910లో పుట్టి 2003లో పోయాడు. ఆయన శిష్యుడు రే హంట్, వాళ్ళ బాటలో వచ్చిన బక్ బ్రానమన్. 1998లో వచ్చిన 'ది హార్స్ విస్పరర్' సినిమాకి సలహాదారు ఈ బ్రానమనే. ఆయన మీద 2011లో 'బక్' అనే డాక్యుమెంటరీ కూడా వచ్చింది. చిన్నతనంలో తండ్రి చేతిలో దెబ్బలు తిన్న మనిషి, పెద్దయ్యాక గుర్రాలని కొట్టకుండా ఎలా నేర్పాలో చెప్పడానికి ఊరూరా తిరుగుతాడు. పిల్లలున్న ప్రతి ఇంట్లో చూడదగ్గ సినిమా.

మరి బిస్కెట్ ఏమైంది అంటారా? మా దగ్గరే ఉంది. రెండు నెలలు గడిచాక మా ఆవిడే వచ్చి, దాణా వేళ తలుపు దగ్గర నిలబడి చూసింది. అది వెనక్కి వెళ్ళి నిలబడింది. అమ్మాయి లోపలికెళ్ళి, బకెట్ పెట్టి, మెడ నిమిరి బయటికొచ్చింది. మా ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు, అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. అలాగని గుర్రం ఋషి అయిపోయిందని చెప్పను. గాలి ఎక్కువగా ఉన్న రోజున, కొత్తవాళ్ళు పట్టుకున్నప్పుడు, ఒకసారి తోసి చూస్తుంది. అప్పుడు మళ్ళీ మొదటి పాఠం, ఒక్క అడుగు వెనక్కి. రోజుకి పదిహేను ఇరవై నిమిషాలు చాలు. గంటలకొద్దీ చేస్తే గుర్రమూ విసుగుతుంది, మనమూ విసుగుతాం. బాగా చేసినప్పుడే ఆపెయ్యాలి.

స్వారీ నేర్పించాలనుకునే తల్లిదండ్రులకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. చేర్పించే ముందు ఒక సాయంత్రం ఆ లాయానికి వెళ్ళి, స్వారీ కాదు, గుర్రాల్ని నడిపించే తీరు చూడండి. గుర్రం మనిషిని లాక్కుపోతోందా, మనిషి వెంట నడుస్తోందా? పిల్లలకి మొదటి పాఠాలు నేల మీద చెబుతారా, వెంటనే ఎక్కించేస్తారా? ప్రమాణాల ముద్ర ఉన్న స్వారీ హెల్మెట్ పెట్టనిదే దగ్గరికి రానివ్వని చోటైతే మంచి చోటు. సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. గుర్రం వెనక నుంచి దాటాల్సి వస్తే, తుంటి మీద చెయ్యి వేసి ఒంటికి ఆనుకున్నట్టు దాటాలి, లేదా తన్నితే అందనంత దూరం నుంచి దాటాలి, మధ్యలో మాత్రం నడవకూడదు. ఈ మాట పిల్లలకి ఇంట్లోనే చెప్పండి. కొనాలన్న తొందర వద్దు. కొన్నాళ్ళు లీజుకి తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళయితే ఫోర్-హెచ్ క్లబ్బుల్లో, ఇక్కడా బ్రిటన్‌లోనూ పోనీ క్లబ్బుల్లో, గుర్రాన్ని చూసుకోవడం కూడా నేర్పుతారు, సొంత గుర్రం లేకపోయినా.

అబ్బాయిలకే నేర్పించాలని కానీ, అమ్మాయిలకి ఎందుకని కానీ అనుకోకండి. మీ పిల్ల గుర్రం పక్కన నిలబడి, అరవకుండా, చెయ్యెత్తకుండా, "అక్కడే ఆగు" అని చెప్పగలిగితే, అది విని ఆగితే, ఆ పిల్ల మొహం ఒక్కసారి చూడండి. ఎక్కడం తర్వాత సంగతి.

మీ ప్రశ్నలేమైనా ఉంటే కార్యక్రమానికి ఫోన్ చేసి చెప్పండి. పై వారం వాటికి జవాబులు చెప్పడానికి మళ్ళీ వస్తాను.